జెర అంటే ఎంత

నేను మన దేశం తరఫున అంతర్జాతీయ పోటీకి వెళ్లొచ్చాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల చూపు నా పొట్ట మీదికి వెళ్తుంది, అక్కడ కాసేపు ఆగి, మర్యాదగా తిరిగొస్తుంది. అందుకని రెండో మాట కూడా వెంటనే చెప్పేస్తాను. నేను ఆడలేదు. ఆట చూడనూ లేదు. ఆట జరిగినంతసేపూ గీతల లోపలే ఉన్నాను గానీ దానికి వీపు పెట్టి కూర్చున్నాను. అలా కూర్చోవడమే నా పని.

ఆట పేరు బోచా. చక్రాల కుర్చీల్లో ఉండేవాళ్లు ఆడతారు. ముందు ఒక తెల్ల బంతి వేస్తారు. తర్వాత ఒకరు ఎర్ర బంతులు, ఇంకొకరు నీలం బంతులు దాని దగ్గరికి పంపాలి. చివరికి ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఉంటే వాళ్లకి పాయింటు; అవతలివాళ్ల బంతులన్నిటికంటే దగ్గరగా ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు. గోలీలాటకు పెద్దన్న లాంటిది. చేతులతో బంతి విసరలేనివాళ్లకి ఒక ఏటవాలు కాలువ ఉంటుంది. దాన్ని ర్యాంప్ అంటారు. దాని మీద బంతి పెట్టి వదిలితే దొర్లుకుంటూ వెళ్తుంది. ర్యాంప్‌ను ఆటగాళ్లు చెప్పినట్టు అటూ ఇటూ జరపడానికి ఒక సహాయకుడు. ఆ సహాయకుడు వెనక్కి తిరిగి ఆట చూడకూడదు, నోరు మెదపకూడదు, చెప్పిందానికి మించి ఏమీ చెయ్యకూడదు. ఒక్కో రౌండు ముగిసి, రిఫరీ సరే అన్నాక మాత్రం తిరిగి చూడొచ్చు. అంటే ఫలితాలన్నీ కనిపిస్తాయి, ఆట మాత్రం కనిపించదు. అప్పటికే చాలా ఏళ్లుగా ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేస్తున్నవాణ్ని కాబట్టి ఈ పద్ధతి నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ప్రమాదం జరిగాకే నన్ను పిలుస్తారు.

నన్ను ఈ ఆటలోకి తెచ్చింది అక్క. సొంత అక్క కాదు. సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్‌లో వాళ్లది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. తాతల నాటిది. అక్కకు చిన్నప్పుడే కండరాల జబ్బు వచ్చి ముందు కాళ్లు, తర్వాత చేతులు ఒక్కొక్కటే పని మానేశాయట. నేను చూసేనాటికి ఆవిడ దగ్గర పూర్తిగా పనిచేస్తున్నవి రెండు: గొంతు, కుడిచేతి చూపుడువేలు. ఆ రెంటితోనే దుకాణం నడిపేది. గోడలకు కప్పుదాకా బిందెలు, గుండిగలు, కొప్పెరలు పేర్చి ఉండేవి. పనివాళ్లు నిచ్చెన ఎక్కితే, ఆవిడ చక్రాల కుర్చీలోంచి వేలు కాస్త లేపి చూపించేది. "జెర కుడికి. ఇంక జెర. మీదికి చూడు. ఆఁ, గదే." దుకాణంలో ఏ చెంచా ఎక్కడుందో ఆ వేలికి తెలుసు.

మొదటిసారి నేను అక్కడికి వెళ్లింది సొట్ట చూడటానికి. రాణీగంజ్ దగ్గర వాళ్ల టెంపోను బస్సు రాసుకుంటూ పోయింది. నేను చుట్టూ తిరిగి చూసి, రాసుకుని, దుకాణంలోకి వచ్చాను.

"ఏం రాసిన్రు సార్?" అంది ఆవిడ.

"కొంచెం సొట్ట పడిందని రాశానండి."

"కొంచెం అంటే ఎంత?"

"అంటే, కొంచెమేనండి."

"మీ తాన కొంచెం ఉంటదేమో. మా తాన జెర ఉంటది. జెర అంటే గింత." చూపుడువేలు లేపి అడ్డంగా చూపించింది. "నా ఏలు మందం. గా సొట్టల నా ఏలు కాదు, మీ చెయ్యి మొత్తం పడ్తది. పోయి పెట్టి చూడున్రి."

వెళ్లి పెట్టి చూశాను. పట్టింది. రాసింది కొట్టేశాను. మా వాళ్లది కాకినాడ వైపు. మా నాన్న ఉద్యోగరీత్యా మారేడ్‌పల్లి వచ్చి స్థిరపడ్డాడు. నేను పుట్టింది, చదివింది ఇక్కడే. అయినా మా ఇంట్లో కొంచెం, కాస్త, కూసింత అనే మాటలుండేవి గానీ వాటికి కొలత ఎవరూ చెప్పలేదు. కూసింత అన్నం పెట్టమ్మా అంటే మా అమ్మ పెట్టేదాన్ని ఏ కొలతలోనూ చెప్పలేం.

టెంపో బాగైంది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఛాయ్ తాగి పొమ్మనేవాళ్లు. సార్ కాస్తా కొన్నాళ్లకు తమ్మీ అయ్యాడు. బోచా సంగతి తెలిసింది అప్పుడే. అప్పటికే ఆవిడ జాతీయ పోటీలు ఆడి వచ్చింది. బోచా అనే మాట రాంగోపాల్‌పేట్‌లో ఎవరి నోరూ తిరగక బొచ్చె అయిపోయింది. సామాన్ల దుకాణం ఆమె బొచ్చె ఆటలో కప్పు కొట్టింది అంటే, అది వాళ్ల వ్యాపారానికి సంబంధించిన విషయమే అనుకుని చాలామంది మెచ్చుకున్నారు.

అప్పటిదాకా ర్యాంప్ పట్టింది వాళ్ల అన్న. మంచి మనిషి, కానీ మెడ ఆగేది కాదు. వెనకాల బంతి బంతికి తగిలిన చప్పుడైతే చాలు, తల తిరిగిపోయేది. తిరిగినప్పుడల్లా అవతలివాళ్లకు లాభం.

"సొంత చెల్లె ఆడుతుంటే చూడకుండ ఎట్లుంటరు చెప్పున్రి," అన్నాడాయన నాతో, న్యాయం నన్నే అడిగినట్టు.

"మా అన్నతోని కాదు," అంది అక్క. "తమ్మీ, నువ్వు రా."

"నాకేం తెలుసక్కా ఈ ఆట గురించి?"

"గదే కావాలె. ఇన్నేండ్ల సంది వస్తున్నవు, మా దుకాణంల ఏమేమున్నయో ఏనాడన్న తలెత్తి చూసినవా? ఛాయ్ తాగుతవ్, పోతవ్. నీకు ఏదీ చూడబుద్ధి కాదు. నీ అసొంటోడు నాకు మల్ల దొరకడు."

నా గుణగణాలను ఒకరు ఇంత నికరంగా గుర్తించడం అదే మొదలు. ఒప్పుకున్నాను.

ప్రాక్టీసు మారేడ్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో. ఓనరు అక్క వాళ్ల నాన్నకు స్నేహితుడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో మధ్యాహ్నం పూట వాడుకోమన్నాడు. నున్నటి గచ్చు, మీద ఫ్యాన్లు, ఒక చివర పెళ్లి వేదిక, దాని మీద ఎర్ర వెల్వెట్ సింహాసనాలు రెండు. తెల్ల టేపుతో గీతలు వేసుకునేవాళ్లం. సింహాసనాల మీద ఎవరూ కూర్చోకూడదని మా కోచ్ ఆజ్ఞ. నేను ఒకసారి కూర్చున్నాను. అవి చూడటానికే బాగుంటాయి.

కోచ్ సైనిక్‌పురి నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. సైన్యంలో సుబేదార్‌గా రిటైరైన మనిషి. పుట్టింది మెదక్ దగ్గర, పెరిగింది ఫిరంగుల మధ్య. కాబట్టి తెలుగులో మొదలుపెట్టిన వాక్యం హిందీలో దిగేది. మేమందరం ఆయన్ని సాబ్ అనేవాళ్లం. మొదటి రోజే నన్ను వేదిక వైపు తిప్పి కూర్చోబెట్టి, "సామ్నే చూడు. ఎనక భూకంపం వచ్చినా సామ్నే," అన్నారు. ఆ తర్వాత నాకు ప్రత్యేకంగా శిక్షణ అంటూ ఏమీ ఇవ్వలేదు.

మా అసలు శత్రువు అక్షింతలు. పెళ్లి జరిగిన మర్నాడు ఎంత ఊడ్చినా ఎక్కడో ఒక పసుపు గింజ మిగిలిపోయేది. సరిగ్గా బంతి దారిలోనే ఉండేది. తిన్నగా పోతున్న బంతి దాన్ని ఎక్కి, ఒక్కసారి ఆలోచించుకుని, పక్కకు వెళ్లిపోయేది.

"ఎవల పెండ్లో ఏమో, మనకు తాకింది దీవెన," అనేది అక్క.

"ఫారిన్‌ల అక్షింతలుండయి," అనేవారు సాబ్. "ప్రాక్టీస్ కష్టం, మ్యాచ్ ఆసాన్. ఊడ్వకున్రి."

ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ఊళ్లో ఫంక్షన్ హాళ్లవాళ్లు దిగాలుగా ఉండేవాళ్లు. మాకు పండగ. రోజూ హాలు మాదే. జాతీయ జట్లకు శిక్షణ శిబిరాలు ఉంటాయి, కోట్లు ఖర్చవుతాయి అంటారు. మాకు పంచాంగం ఉండేది. ఈసారి మూఢం ఎన్నాళ్లుంది అని పెళ్లి చెయ్యాల్సిన ఆడపిల్ల కూడా లేని నేను అడుగుతుంటే, మా వీధి పురోహితుడు నన్ను వింతగా చూసేవాడు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. వాడిన బంతిపూల వాసన, వంటగదిలోంచి నిన్నటి నూనె వాసన, ఫ్యాన్ల చప్పుడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ర్యాంప్ పట్టుకునేవాణ్ని. ఎదురుగా అక్క ముఖం. ఆ ముఖం నన్ను చూసేది కాదు, నా భుజం మీదుగా ఎక్కడో దూరంగా చూసేది.

"ఎడమకు జెర."

జరిపేవాణ్ని.

"ఇంక జెర."

జరిపేవాణ్ని. తర్వాత బంతిని ర్యాంప్ మీద ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పేది. ఎత్తు పెరిగితే వేగం. అదీ జెరల్లోనే. చివరికి వేలు బంతికి ఆనించేది. నేను చేతులు తీసేసేవాణ్ని. వేలు లేచేది. బంతి నా చెవి పక్కనుంచి దొర్లుతూ పోయేది. ఆ తర్వాత ఏమైందో నాకు అక్క ముఖమే చెప్పాలి. మొదట్లో ఏమీ చెప్పేది కాదు. దుకాణంలో బేరం దగ్గర కూర్చున్న ముఖం అది. పోనుపోను కుడి కనుబొమ్మ ఒకటి దొరికింది నాకు. బంతి బాగా పడితే అది జెర లేచేది.

ఒక్కో బంతి తర్వాత ర్యాంప్‌ను పక్కకు తిప్పేసి మళ్లీ మొదటినుంచి గురి పెట్టుకోవాలని నియమం. కాబట్టి రోజుకు ఎన్ని జెరలు జరిపేవాణ్నో లెక్క లేదు. కొన్నాళ్లకు నా చేతికి అలవాటైపోయింది. జెర అంటే ఆ వేలు మందం. రెండు జెరలంటే రెండు వేళ్లు. అంతకు మించితే "మస్తు" అనేది. మస్తు అంటే మొత్తం తప్పు పెట్టావని.

ఒకరోజు జెర అంది, జరిపాను. బంతి వెళ్లింది, కనుబొమ్మ లేవలేదు. మళ్లీ అదే. మూడోసారి ఆవిడ తన వేలి వంక చూసుకుంది.

"నీది తప్పు లేదు తమ్మీ. నా ఏలు సన్నవడ్డది. నువ్వు పాత జెర జరుపుతున్నవు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత చెప్పింది. జబ్బు వేలిదాకా వచ్చిందట. వచ్చే ఏడాదికి ఆ వేలు లేవదని డాక్టర్ చెప్పాడట. ఆట మానక్కర్లేదు. తలకు పట్టీ కట్టి, దానికి ఒక పుల్ల బిగిస్తారు, దానితో బంతిని వదలొచ్చు. చాలామంది అలాగే ఆడతారు.

"కడ్తా, తప్పదు. గని చిన్నప్పటి సంది అన్ని చూపెట్టింది ఈ ఏలు. దీంతోని బయట దేశంల ఒక్క మ్యాచ్ గెలువాలె. ఒక్కటే."

"పతకం వద్దా అక్కా?"

"ఏడ పెడ్తవు? దుకాణంల ఇప్పటికే మస్తు ఇత్తడి ఉన్నది."

ఆ ఏడాది జట్టులో చోటొచ్చింది. తూర్పు దేశాల్లో ఒకచోట పోటీ. జట్టంతా కలిపి ఒక మినీబస్సుకు సరిపోతాం. హర్యానా నుంచి ఒక కుర్రాడు, వాళ్ల నాన్న, మధురై నుంచి ఒకాయన, ఆయన భార్య, గుజరాత్ అమ్మాయి, వాళ్ల పిన్ని, మేం ముగ్గురం. అందరికీ నీలం కోట్లు ఇచ్చారు. వీపు మీద పెద్ద అక్షరాలతో దేశం పేరు. నాది రెండు సైజులు పెద్దది. మార్చమంటే, మిగిలింది ఇంకా పెద్దదన్నారు. దేశం పేరు ఒక భుజం నుంచి రెండో భుజానికి వెళ్లేసరికి మధ్యలో ఒక మడత పడేది.

బయల్దేరే ముందు ఒక టీవీ కుర్రాడు మైకు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. అక్క మంచి ఊపులో చెప్తోంది: "గీ ఆట ఎట్లుంటదంటే..." అతను మధ్యలో ఆపాడు.

"మేడమ్, కొంచెం స్టాండర్డ్ తెలుగులో చెప్తారా? అన్ని జిల్లాలవాళ్లూ చూస్తారు కదా."

అక్క వెంటనే, "ఈ క్రీడ నందు ఏకాగ్రత చాలా అవసరము," అంది. దుకాణంలో నిచ్చెన మీదున్నవాడు కిందికి చూశాడు. మేమంతా ఆ రోజు సాయంత్రం దాకా నవ్వుకున్నాం. అది అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అక్కడ హాలు అద్దంలా ఉంది. అక్షింతలు లేవు. నేల చూసి సాబ్‌కే కొంచెం దిగులేసింది. గుంపులో మూడు మ్యాచులు మాకు. ప్రతి కోర్టుకూ అవతలి చివర ఒక కెమెరా. ఇంట్లో ఫోన్లలో చూడొచ్చన్నారు. అన్న అప్పటికే బజారంతా చాటేశాడు. దుకాణంలో పెద్ద టీవీ పెట్టించాడట.

మొదటి మ్యాచ్ మొదలైంది. నేను కెమెరాకు వీపు, అక్కకు ముఖం పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాను. అక్క కెమెరా వైపు ఒకసారి చూసింది, గొంతు సవరించుకుంది.

"కొద్దిగా ఎడమ వైపునకు జరపండి."

ఇంకెవరితోనో మాట్లాడుతోందనుకున్నాను. ఆవిడ నన్ను మీరు అని అప్పటికి చాలా ఏళ్లయింది. గడియారం నడుస్తోంది. కొద్దిగా అంటే ఎంత? నోరు తెరిచి అడగడానికి లేదు. మా ఇంటి లెక్కన జరిపాను. మా అమ్మ అన్నం పెట్టే లెక్కన. బంతి వెళ్లింది. కనుబొమ్మ లేవలేదు.

"ఇంకొంచెం కుడి వైపునకు."

ఇంకొంచెం అంటే కొంచెం కంటే ఎక్కువా, తక్కువా, మరోసారి అంతేనా? తెలుగు చాలా గొప్ప భాష, కానీ ర్యాంప్ జరపడానికి ఆ రోజు నాకు సాయపడలేదు. కళ్లతో బతిమాలాను. ఆవిడ నన్ను చూస్తే కదా. రౌండు అయ్యాక తిరిగి చూస్తే మా ఎర్ర బంతులు, వాన పడగానే సికింద్రాబాద్ స్టేషన్ ముందు జనంలా, తలొక దిక్కుకు పోయి ఉన్నాయి. నీలం బంతులు తెల్లదాని చుట్టూ నింపాదిగా కూర్చున్నాయి. ఓడిపోయాం. బాగా ఓడిపోయాం.

భోజనాలకు కూర్చున్నాం. సాబ్ తలవంచుకుని సూప్ తాగుతున్నారు.

"ఏందీ తమ్మీ, నా చెయ్యి గిట్ల మోసం చేసింది ఇయ్యాల?"

"చెయ్యి కాదక్కా. కొద్దిగా అన్నారు మీరు."

"అయితే?"

"కొద్దిగా అంటే ఎంతో నాకు తెలియదు."

చేతిలో చెంచా పట్టుకుని ఆవిడకు తినిపిస్తున్నాను. చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. అక్క నా వంక చూసింది. అన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటోందని తెలిసింది.

"జరపండి అన్ననా?"

"వైపునకు అని కూడా అన్నారు."

నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. పక్క బల్ల మీది కొరియా వాళ్లు మేం గెలిచామనుకుని తలలు వంచి అభినందించారు. మేమూ వంచాం.

"టీవీల బజారంత చూస్తున్నరని, మంచిగ మాట్లాడుదామనుకున్న తమ్మీ," అంది, నవ్వు తగ్గాక. "పరువు పోవద్దని."

"పరువు పోలేదక్కా. బంతులే పోయాయి."

రెండో మ్యాచ్‌లో జెర తిరిగొచ్చింది. కానీ అవతలి అమ్మాయి మాకంటే చాలా బాగా ఆడింది. అలాంటి ఓటమి గురించి చెప్పడానికేమీ ఉండదు. కనుబొమ్మ చాలాసార్లు లేచింది, వాళ్ల సహాయకుడు ఇంకా ఎక్కువసార్లు సంతోషించి ఉంటాడు.

మిగిలింది ఒక్కటి. ముందుకు వెళ్లే అవకాశం ఎలాగూ పోయింది. మిగతా జట్టువాళ్లకు అది లాంఛనం. మాకు కాదు. ఆ ఉదయం నేను కోటు తొడుగుతుంటే అక్క వేలు దుప్పటి మీద పెట్టుకుని లేపుతూ, దించుతూ చూసుకుంటోంది. ఒక్కోసారి లేస్తోంది. ఒక్కోసారి ఆలోచిస్తోంది.

గీతల దగ్గరికి వచ్చాం. కెమెరా మళ్లీ అక్కడే ఉంది. అక్క దాని వంక చూడలేదు.

"టీవీ గీవీ బంద్," అంది. "దుకాణం తెరిచినం అనుకో. షురూ చెయ్."

అవతల ఒక నడివయసు ఆయన. ఆయన సహాయకురాలు ఆయన కూతురట. ఆమె కూడా నాలాగే ఆటకు వీపు పెట్టి కూర్చుంది. ఆయన బంతి వేస్తుంటే ఆమె, అక్క వేస్తుంటే నేను. మేమిద్దరం ఒకే ఆటలో ఉన్నాం. ఇద్దరికీ ఆట తెలియదు. మొదటి రౌండు వాళ్లది, రెండోది మాది. మూడోది వాళ్లది. నాలుగోదే చివరిది. దాంట్లో మాకో పాయింటు వస్తే సమం అవుతుంది, రెండొస్తే గెలుస్తాం. ఇదంతా రౌండ్ల మధ్య తిరిగి చూసినప్పుడు తెలిసింది.

చివరి రౌండులో ఇద్దరి బంతులూ అయిపోతూ వచ్చాయి. మాకు ఒక్క ఎర్ర బంతి మిగిలింది. నా వెనకాల ఏముందో నాకు తెలియదు. అక్క ముఖమే ఉంది. ఆ ముఖంలో దుకాణం మూసే వేళ ఆఖరి బేరానికి వచ్చినవాడితో మాట్లాడేటప్పటి ఓపిక ఉంది.

"కుడికి జెర."

జరిపాను.

చాలాసేపు చూసింది.

"ఎడమకు సగం జెర."

అన్నాళ్లలో ఆ మాట ఎప్పుడూ వినలేదు. సగం జెర అనేది మా లెక్కలో లేదు. కానీ అడగాలనిపించలేదు. ఆవిడ వేలు చూశాను. సన్నబడిన వేలు. దానిలో సగం ఎంతో కంటికి కనిపిస్తూనే ఉంది. జరిపాను. ఆవిడ ఇంకేమీ అనలేదు.

బంతి పెట్టాను. ఆవిడ వేలు బంతి మీద ఆనించింది. నేను చేతులు తీసేశాను.

వేలు లేవలేదు.

గడియారం ఎక్కడో నా తల వెనకాల ఉంది. నేను ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. అది జెర వణికింది. ఆవిడ దాన్ని కసరలేదు, బతిమాలలేదు. పనివాడు నిచ్చెన మీద తడుముకుంటుంటే ఎలా ఎదురుచూసేదో అలా ఎదురుచూసింది. అప్పుడు లేచింది. బంతి నా చెవి పక్కనుంచి వెళ్లింది.

చప్పుడు. బంతికి బంతి తగిలిన చప్పుడు, మెత్తగా. తర్వాత ఇంకోటి. తర్వాత ఏమీ లేదు. నా జన్మలో మొదటిసారి నాకు వెనక్కి తిరిగి చూడాలనిపించింది. అన్న మెడ సంగతి అప్పుడర్థమైంది.

రిఫరీ అడుగులు వినిపించాయి. కొలిచే పరికరం తెమ్మన్నట్టున్నాడు. అంటే దగ్గరి బంతులు రెండు దాదాపు సమానంగా ఉన్నాయి. కొలుస్తూనే ఉన్నాడు. నేను కనుబొమ్మ కోసం చూస్తున్నాను. అది లేవలేదు, దిగలేదు. వెయ్యి బేరాలు చూసిన ముఖం. నా పక్కనే, కొద్ది దూరంలో, ఆ కూతురు కూడా వాళ్ల నాన్న ముఖాన్ని చూస్తోంది. మా ఇద్దరి వీపుల మీదా రెండు దేశాల పేర్లు. రెండు ముఖాలూ ఏమీ చెప్పడం లేదు.

రిఫరీ ఏదో అన్నాడు. అక్క నా భుజం మీది నుంచి చూపు తీసి, గీతల లోపల మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఇగ తిరుగు తమ్మీ. నువ్వు సుత చూడు."

తిరిగాను. తెల్ల బంతిని ఆనుకుని ఒక ఎర్ర బంతి. దాని పక్కన ఇంకో ఎర్రది. దానికంటే అవతల, సన్నటి తేడాతో, నీలం. ఆ తేడాను రిఫరీ రెండోసారి కొలిచి చేతులతో చూపిస్తున్నాడు. నాకు కొలవనక్కర్లేదు. సగం జెర.

రెండు పాయింట్లు మావి. సాబ్ టోపీ తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన ఇంతకంటే సంతోషించడం నేను చూడలేదు. నేను అక్క చెయ్యి పట్టుకుని ఊపబోయాను.

"ఊకో, ఊకో. ఏలు తక్లీఫ్ అయితది," అంది. తర్వాత ఆ వేలి వంక చూసి, మెల్లగా, "అయిపోయింది పో. ఇగ పండుకో," అంది. నాతో కాదు.

పతకాల పట్టికలో మా జట్టు పేరు లేదు. ఊరికి తిరిగొచ్చాక మా అమ్మ అంది, "అన్ని మ్యాచులూ చూశాన్రా. నీ వీపే కనపడింది. ఒక్కసారైనా ఇటు తిరిగుండొచ్చుగా. ఆ కోటేంటి, అలా వేలాడుతోంది?" రాంగోపాల్‌పేట్‌లో మాత్రం పటాకులు కాల్చారు. అన్న చెప్పాడు, చివరి బంతి అప్పుడు దుకాణంలో అందరూ టీవీకి కళ్లప్పగిస్తే తను మాత్రం గోడ వైపు తిరిగి నిలబడ్డాడట. "అప్పుడు తిరిగిన, గిప్పుడు తిరగకపోతే ఎట్ల?" అన్నాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. ఫంక్షన్ హాలు పడగొట్టి ఫర్నిచర్ షోరూం కట్టారు. అక్షింతలు, సింహాసనాలు అన్నీ పోయాయి. సాబ్ సైనిక్‌పురిలో మనవడికి సైకిల్ నేర్పుతున్నారు. వాడు వెనక్కి చూడకుండా తొక్కుతాడట. అక్క తలకు కట్టిన పట్టీ, పుల్లతో ఆడుతోంది. ర్యాంప్ పట్టేది అన్న కూతురు. ఆ అమ్మాయి ర్యాంప్‌కు ఒక స్కేలు అతికించింది. అంకెల్లో చెప్పుకుంటారు. చాలా బాగా ఆడుతున్నారు. అప్పుడప్పుడూ గెలుస్తున్నారు కూడా. దుకాణంలో ఇప్పుడు దారి చూపించేది అక్క గడ్డం. "జెర కుడికి," అని గడ్డం తిప్పుతుంది. నిచ్చెన మీదివాడు ఏది ఎంతో సరిగ్గా తెలియక తడుముకుంటాడు. నేను ఛాయ్ తాగుతూ వింటాను. లేచి వెళ్లి చూపించాలనిపిస్తుంది, కానీ తలెత్తి చూడని మనిషినన్న పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

నాకు మిగిలింది ఒక అలవాటు. మొన్న బస్సులో కూర్చున్నాను. చేతిలో సంచులతో ఒకాయన వచ్చి, "సార్, జెర జరుగున్రి," అన్నాడు.

జరిగాను. ఆయన నేను జరిగిన మేర చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"గంతేనా సార్?"

"జెర అన్నారు కదండీ."

"ఏ ఊరు సార్ మీది?"

"ఇక్కడే. మారేడ్‌పల్లి."

ఆయన నమ్మలేదు. నేను ఇంకో జెర జరిగాను.